ఎదుర్కోలుకు వెళ్ళినవారు

2025 సెప్టెంబరులో మా పిన్ని ఒక ఉత్తరం రాసి, రామ్‌నగర్‌లోని తన ఇంట్లో బీరువా తాళంచెవితో పాటు బైబిలు కింద పెట్టింది. ఆ నెల 23వ తేదీన గాని, ఆ మరునాడు గాని సంఘం ఎత్తబడుతుందని, అంటే క్రీస్తు వచ్చి విశ్వాసులను ఆకాశంలోకి తీసుకుపోతాడని, దక్షిణాఫ్రికాలో ఒకాయన చెప్పిన మాట అప్పటికే వీడియోలుగా ప్రపంచమంతా తిరిగి, మా కుటుంబం వాట్సాప్ గ్రూపుకు కూడా చేరింది. ఉత్తరం పన్నెండేళ్ళుగా మందిరానికి రాని తన పెద్దకొడుకు కోసం. ఇంటి కాగితాలు ఎక్కడున్నాయి, పాలవాడికి ఎంత ఇవ్వాలి, తన గాజులు ఎవరికి చెందాలి అన్నవన్నీ వరుసగా రాసి, చివర “ఏమైనా సరే మృగము ముద్ర మాత్రం వేయించుకోవద్దు నాయనా” అని ముగించింది. బైబిలు చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథంలో దేవునికి ఎదురు నిలిచే మృగం పేర మనుషులకు వేసే గుర్తు అది.

తేదీ గడిచిన నాలుగు రోజులకు నేను వెళ్ళినప్పుడు ఆ ఉత్తరాన్ని నా చేతికిచ్చింది. చదివిన తరువాత చాలాసేపు నాకు మాట రాలేదు. మా పిన్ని ముప్పై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పిన మనిషి, తొందరపడి దేన్నీ నమ్మే స్వభావం ఆమెది కాదు. ఆ ఉత్తరంలో ఉన్న ప్రేమ నిజమైనదే. కానీ కొడుకును విడిచి వెళ్ళిపోతానన్న ఆ దిగులును ఆమెకు ఎవరు ఇచ్చారు, వాక్యంలో అది ఎంతవరకు ఉంది అన్న ప్రశ్న ఆ రోజు నుంచి నన్ను వదలలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

రాకడను, అంటే క్రీస్తు తిరిగి రావడాన్ని, గురించి రెండు బోధల మధ్య పెరిగినవాణ్ణి నేను. నాన్నగారు గుంటూరు లూథరన్ కుటుంబం నుంచి ఉద్యోగరీత్యా హైదరాబాదుకు వచ్చారు. అమ్మ నరసాపురం వైపు బ్రదరెన్ సంఘంలో పెరిగింది. నాన్నగారి దృష్టిలో రాకడ అంటే ప్రతి ఆదివారం విశ్వాస ప్రమాణంలో నిలబడి చెప్పే ఒక్క వాక్యం. ప్రభువు సజీవులకూ మృతులకూ తీర్పు తీర్చడానికి తిరిగి వస్తాడు, అంతే. అమ్మ నేర్చుకున్న క్రమం అంత చిన్నది కాదు. మొదట రహస్య రాకడ, అందులో ప్రభువు మధ్యాకాశం వరకే వస్తాడు, సంఘం ఎత్తబడుతుంది. ఆ తరువాత భూమి మీద ఏడేండ్ల శ్రమలు, క్రీస్తు విరోధి పాలన. అవి ముగిశాక బహిరంగ రాకడ, హర్మగిద్దోను యుద్ధం, భూమి మీద క్రీస్తు వెయ్యేండ్ల పాలన, చివరికి ధవళ సింహాసన తీర్పు. గోడకు వేలాడదీసిన గుడ్డ పటం మీద ఈ వరుసనంతా గీసి, కర్రతో చూపిస్తూ చెప్పే సభలకు చిన్నప్పుడు అమ్మ వెంట వెళ్ళేవాణ్ణి. ఆదివారం భోజనాలయ్యాక మామయ్యలకూ నాన్నగారికీ వాదం మొదలైతే సాయంత్రం టీ దాకా సాగేది. ఒక్కసారి కూడా ఎవరూ ఎవరి విశ్వాసాన్నీ శంకించలేదని ఈనాడు గుర్తుచేసుకుంటే గౌరవం కలుగుతుంది.

అమ్మ బోధను ఆమె బంధువులు అపొస్తలుల నాటి నుంచీ ఉన్నదిగానే భావించేవారు. చరిత్ర అలా లేదు. శ్రమలకు ముందే సంఘం ఎత్తబడుతుందనీ, ఆ రాకడ బహిరంగ రాకడకు వేరైనదనీ క్రమబద్ధమైన బోధగా వ్యాపింపజేసినవాడు జాన్ నెల్సన్ డార్బీ. 1800లో పుట్టి 1882లో మరణించిన ఆయన ఐర్లండులో ఆంగ్లికన్ గురువుగా పని చేసి, తరువాత ఆ సంఘాన్ని విడిచి బ్రదరెన్ సహవాసాలలో ప్రముఖుడయ్యాడు. ఇశ్రాయేలు భూసంబంధమైన ప్రజ, సంఘం పరలోక సంబంధమైన ప్రజ, ఈ రెంటికీ దేవుని సంకల్పాలు వేరు అన్నది ఆయన ఆలోచనకు మూలం. దానియేలు తొమ్మిదవ అధ్యాయంలోని డెబ్బది వారములలో అరవై తొమ్మిది గడిచిపోయాయనీ, చివరి వారం, అంటే ఏడేండ్లు, ఇంకా మిగిలి ఉన్నదనీ, మధ్యలోని విరామమే సంఘకాలమనీ ఆయన వివరించాడు. 1909లో అమెరికా బోధకుడు స్కోఫీల్డ్ తన వ్యాఖ్యలతో కూడిన బైబిలును ప్రచురించాక ఈ వివరణ ఎంతో దూరం వెళ్ళింది. మూలవాక్యమూ మనిషి రాసిన వ్యాఖ్యా ఒకే పుటలో అచ్చయినప్పుడు, రెంటి మధ్య గీత చదివేవారి మనసులో నెమ్మదిగా చెరిగిపోవడం సహజం.

మా మామయ్యలకు తెలియని సంగతి మరొకటి ఉంది, తెలిసి ఉంటే ఆ ఆదివారపు వాదాలు ఇంకా మెత్తగా సాగేవని నా నమ్మకం. తొలి బ్రదరెన్ పెద్దలలోనే ఈ విషయమై ఏకాభిప్రాయం లేదు. ప్లిమత్‌లో డార్బీతో పాటు సేవ చేసిన బెంజమిన్ విల్స్ న్యూటన్ సంఘం శ్రమల గుండా వెళ్ళవలసిందేనని బోధించాడు. వారిద్దరి మధ్య 1845లో వచ్చిన చీలికకు ఉన్న కారణాలలో ఇదీ ఒకటి. బ్రిస్టల్ అనాథాశ్రమాల ద్వారా మన తెలుగు విశ్వాసులందరికీ తెలిసిన జార్జి ముల్లర్ కూడా పాపపురుషుడు, అంటే క్రీస్తు విరోధి, బయలుపడక ముందు ప్రభువు రాడనే నమ్మాడు. ఆ ముల్లర్ బావమరిది ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ ప్రోత్సాహంతోనే బౌడెన్, బీర్ దంపతులు 1836లో మన దేశానికి వచ్చి గోదావరి డెల్టాలో సువార్త పని ప్రారంభించారు. అంటే అమ్మ పుట్టిన సంఘానికి పునాది వేసినవారు బయలుదేరిన ఆ సహవాసాలలోనే రెండు అభిప్రాయాలూ ఉండేవన్నమాట.

ఇంకా వెనక్కి వెళితే రెండవ శతాబ్దపు క్రైస్తవ రచయిత జస్టిన్ కనిపిస్తాడు. యెరూషలేములో వెయ్యేండ్ల పాలన ఉంటుందని నమ్మిన ఆయన, యూదుడైన ట్రిఫోతో సంవాదంలో, నిజమైన క్రైస్తవులలో చాలామంది అలా అనుకోవడం లేదని దాచకుండా ఒప్పుకున్నాడు. అదే శతాబ్దపు బిషప్పు ఐరేనియస్ కూడా వెయ్యేండ్లను అక్షరార్థంగానే తీసుకున్నాడు, అయితే సంఘం క్రీస్తు విరోధి హింసను తప్పించుకుంటుందని మాత్రం చెప్పలేదు. ఐదవ శతాబ్దం వచ్చేసరికి ఉత్తర ఆఫ్రికా బిషప్పు అగస్టీను తాను కూడా ఒకప్పుడు అక్షరార్థపు వెయ్యేండ్లను నమ్మానని చెబుతూ, ఆ అభిప్రాయాన్ని విడిచిపెట్టి, ఆ వెయ్యేండ్లు ఇప్పుడు సాగుతున్న సంఘకాలమేనని వివరించాడు. కాథలిక్కులూ, లూథరన్లూ, చాలామంది ఆంగ్లికన్లూ నేటికీ స్థూలంగా ఆ దారిలోనే ఉన్నారు. లూథరన్ల 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన పదిహేడవ వ్యాసం, మృతుల పునరుత్థానానికి ముందే భక్తులు లోకరాజ్యాన్ని చేజిక్కించుకుంటారన్న బోధను తిరస్కరించింది. నాన్నగారి పొట్టి వాక్యం వెనుక ఇంత చరిత్ర ఉంది. సువార్త వల్ల లోకం క్రమంగా బాగుపడి, ఆ తరువాతే ప్రభువు వస్తాడని నమ్మినవారూ పద్దెనిమిది, పందొమ్మిదవ శతాబ్దాలలో చాలామంది ఉన్నారు. ఆ నిరీక్షణ మొదటి ప్రపంచ యుద్ధంతో బాగా సన్నగిల్లింది.

ఇంతటి భేదానికి ఆధారమైన వెయ్యేండ్ల మాట ప్రకటన గ్రంథం ఇరవయ్యవ అధ్యాయంలో ఆరు వచనాలలో ఆరుసార్లు వస్తుంది, ఆ పాలనను ఆ పేరుతో చెప్పిన చోటు బైబిలులో మరొకటి లేదు. గుర్తులతో, సంఖ్యలతో నిండిన గ్రంథంలో ఆ ఒక్క సంఖ్యను అక్షరార్థంగా తీసుకోవాలా వద్దా అన్న ప్రశ్నకు భక్తిపరులు రెండు జవాబులూ ఇచ్చారంటే అందులో ఆశ్చర్యపడవలసిందేమీ లేదు.

అయితే పిన్ని ఉత్తరానికి కారణం వెయ్యేండ్లు కాదు, ఎత్తబడుట. ఆ మాటకు ముఖ్యాధారం థెస్సలొనీక పట్టణపు సంఘానికి అపొస్తలుడైన పౌలు రాసిన మొదటి పత్రిక (ఉత్తరం) నాలుగవ అధ్యాయం. పత్రికలలో అన్నిటికంటె ముందు రాసినవాటిలో ఇది ఒకటి, సుమారు 50, 51 సంవత్సరాలలో కొరింథు నుంచి రాసినది. కొద్దికాలం క్రితమే విశ్వాసంలోకి వచ్చిన ఆ చిన్న సంఘంలో కొందరు చనిపోయారు. ప్రభువు వచ్చే లోపే చనిపోయిన మనవారికి ఆయన రాకడలో పాలు లేకుండా పోతుందా అని మిగిలినవారు కుమిలిపోయారు. పౌలు జవాబు ఆ దుఃఖానికే. చనిపోయినవారు వెనుకబడరు, వారే మొదట లేస్తారు, ఆ తరువాత సజీవులు వారితో కలిసి మేఘములమీద కొనిపోబడుతారు. గ్రీకులోని ఆ క్రియ బలంగా పట్టి తీసుకుపోవడాన్ని సూచిస్తుంది, మనం ఎత్తబడుట అని పిలిచేది దానినే. ఆ భాగం చివరి మాట “ఈ మాటలచేత ఒకనినొకడు ఆదరించుకొనుడి” అన్నది. మన సభలలో ఈ వచనాలు చదివిన తరువాత వినిపించే ప్రశ్న మాత్రం “ఈ రాత్రి ప్రభువు వస్తే నువ్వు విడిచిపెట్టబడుతావా?” అన్నది. ఆ ప్రశ్న అడగకూడదని నేననను, మెలకువగా ఉండుమని ప్రభువే చెప్పాడు. కానీ సమాధి దగ్గర నిలబడినవారి కన్నీరు తుడవడానికి రాసిన వచనాలను, బ్రతికి ఉన్నవారిని ఒకరినుంచి ఒకరిని విడదీసే వచనాలుగా మార్చడం పౌలు ఉద్దేశానికి ఎంతో దూరం.

ఆ వచనంలో తెలుగు అనువాదకులు వాడిన ఒక మాట నాకు చాలా ఇష్టం. “ప్రభువును ఎదుర్కొనుటకు” కొనిపోబడుదుము అని ఉంది. ఈ కాలంలో ఎదుర్కొనడం అంటే సమస్యకో శత్రువుకో ఎదురు నిలవడమే గుర్తుకు వస్తుంది గాని, పాత తెలుగులో అది ఎదురేగి మర్యాదతో స్వాగతించడం. మన పెళ్ళిళ్ళలో ఎదుర్కోలు ఇంకా ఆ అర్థంతోనే నిలిచి ఉంది. యేసు చెప్పిన ఉపమానంలో పది మంది కన్యకలు దివిటీలతో బయలుదేరింది పెండ్లికుమారుని “ఎదుర్కొనుటకే”. అపొస్తలుల కార్యములు ఇరవై ఎనిమిదవ అధ్యాయంలో రోమా విశ్వాసులు అప్పీయా సంతపేట వరకు వచ్చింది పౌలును “ఎదుర్కొనుటకే”. గ్రీకులో కూడా థెస్సలొనీక పత్రికలో, రోమా ప్రయాణంలో, కన్యకల ఉపమానంలో అర్ధరాత్రి వినబడిన కేకలో ఉన్నది ఒకే పదం. రాజుగాని, గొప్ప అతిథిగాని పట్టణానికి వస్తున్నప్పుడు పౌరులు ఊరి వెలుపలికి వెళ్ళి, ఆయనను వెంటబెట్టుకొని లోపలికి వచ్చే ఆచారానికి ఆనాటివారు ఈ మాట వాడేవారు.

మా చెల్లెలి పెళ్ళి సికింద్రాబాదులో జరిగింది. కరీంనగరు నుంచి వచ్చిన పెళ్ళివారి బస్సు వీధి చివర ఆగగానే మా పెద్దలు బ్యాండుతో, పూలదండలతో ఎదురు వెళ్ళారు. బెల్లం పానకం బిందె పట్టుకుని ముందు నడిచింది పిన్నే. పన్నీరు చల్లి, పానకం ఇచ్చి, అందరూ కలిసి పెండ్లికుమారుణ్ణి లోపలికి తీసుకువచ్చారు. ఎదురు వెళ్ళినవారు అక్కడినుంచే పెళ్ళివారి ఊరికి తరలిపోవడం ఏ ఎదుర్కోలులోనూ ఉండదు. పౌలు మాటను ఈ విధంగా విన్నప్పుడు, సంఘం ప్రభువును కలుసుకోవడానికి వెళ్ళేది ఈ లోకాన్ని శ్రమలకు వదిలిపెట్టి పోవడానికి కాదు, రాజుగా దిగి వస్తున్న ఆయనను తోడుకొని రావడానికి అని నాకు అర్థమవుతుంది. ఆ వచనంలో ఆర్భాటం ఉంది, ప్రధానదూత శబ్దం ఉంది, దేవుని బూర ఉంది. అంతటి ధ్వనితో జరిగేదాన్ని రహస్యమనడం నాకు కష్టంగానే ఉంటుంది.

ఈ ఒక్క పదంతో వాదమంతా తేలిపోతుందని నేను చెప్పలేను. అమ్మ పక్షం వారికి బలమైన జవాబులున్నాయి, వాటిని తేలిక చేయడం న్యాయం కాదు. తండ్రి ఇంట అనేక నివాసములు ఉన్నాయనీ, స్థలము సిద్ధపరచి, వచ్చి మిమ్మును తీసుకువెళతాననీ ప్రభువు యోహాను సువార్త పద్నాలుగవ అధ్యాయంలో చెప్పాడు గదా అంటారు. దేవుడు మనలను ఉగ్రతకు నియమింపలేదని అదే థెస్సలొనీక పత్రిక అయిదవ అధ్యాయం చెబుతోంది. లోకమంతటి మీదికి రాబోయే శోధనకాలంలో కాపాడతానని ఫిలదెల్ఫియ సంఘానికి ఇచ్చిన వాగ్దానమూ ఉంది. ప్రకటన గ్రంథంలో నాలుగవ అధ్యాయం మొదలు దాదాపు చివరి వరకు సంఘమనే మాట కనబడదన్నది వారు చూపే మరో ఆధారం. వీటికి ఎదురుగా, భ్రష్టత్వము సంభవించి పాపపురుషుడు బయలుపడితేనేగాని ఆ దినము రాదని పౌలు తన రెండవ పత్రికలో రాసిన మాట నాకు అన్నిటికంటె స్పష్టంగా వినిపిస్తుంది. ఎత్తబడుట ఏడేండ్ల మధ్యలో జరుగుతుందనేవారూ, దేవుని ఉగ్రత కుమ్మరింపబడడానికి కాస్త ముందు జరుగుతుందనేవారూ ఉన్నారు. వారి సంఖ్య మన ప్రాంతంలో తక్కువ.

ఒక వచనం విషయంలో మాత్రం అన్ని పక్షాలవారూ మరొకసారి సందర్భాన్ని చదవాలని నా విన్నపం. మత్తయి ఇరవై నాలుగవ అధ్యాయంలో పొలంలో ఉన్న ఇద్దరిలో ఒకడు తీసికొనిపోబడును, ఒకడు విడిచిపెట్టబడును అన్న మాటను సభలలో ఎత్తబడుటకు రుజువుగా చెబుతారు. దానికి సరిగ్గా ముందు ఉన్నది నోవహు దినముల పోలిక. అక్కడ జలప్రళయం వచ్చి కొట్టుకొనిపోయింది దుష్టులను. మిగిలింది నోవహు కుటుంబం. ఆ వరుసలో చదివితే, తీసికొనిపోబడడం తీర్పు కావచ్చు, విడిచిపెట్టబడడమే రక్షణ కావచ్చు. పిన్ని తన కొడుకు కోసం ఏడ్చిన ఏడుపులో చాలా భాగం ఈ ఒక్క వచనం మీదే ఆధారపడి ఉంది.

సిద్ధాంతభేదాలు నన్ను అంతగా బాధించవు. తేదీలు బాధిస్తాయి. అమెరికాలో విలియం మిల్లర్ అనుచరులు 1844 అక్టోబరు 22న ప్రభువు వస్తాడని నమ్మి ఎదురుచూశారు. కొందరు పొలాల్లో పంటను కూడా కోయకుండా వదిలేశారు. ఆ రోజుకు చరిత్రలో మహా నిరాశ అన్న పేరు నిలిచింది. దక్షిణ కొరియాలో 1992 అక్టోబరు 28న ఎత్తబడుతామని వేలమంది రాత్రంతా ప్రార్థనలో కూర్చున్నారు. అమెరికా రేడియో బోధకుడు హెరాల్డ్ క్యాంపింగ్ 2011 మే 21 అని చెప్పి, అది గడిచిపోగా అక్టోబరు 21 అని చెప్పి, మరుసటి ఏడు తాను తేదీ ప్రకటించడం పాపమని బహిరంగంగా ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు ఆయన గొప్పతనమే, అయితే ఆయన మాట విని దాచుకున్న డబ్బు ఖర్చు చేసినవారికి అది తిరిగి రాలేదు. కాలములను సమయములను తెలిసికొనుట మీ పని కాదని ప్రభువు ఆరోహణానికి ముందు శిష్యులతో చెప్పిన చివరి మాటలలోనే ఉంది. ఇంత సూటిగా చెప్పిన ఆజ్ఞను దాటడానికి ఇంతమంది సేవకులకు మనసెలా వస్తుందో నాకు నేటికీ అంతుపట్టదు.

ఈ భయం ప్రాణం మీదికి కూడా వస్తుంది. 2021లో మా దగ్గరి బంధువు ఒకాయన, కరోనా టీకాయే మృగము ముద్ర అన్న ప్రసంగం ఫోనులో విని, ఎంత బతిమాలినా వేయించుకోలేదు. రెండవ అలలో ఆయన ఆసుపత్రిలో గడిపిన పందొమ్మిది రోజులు మా కుటుంబంలో ఎవరూ మరచిపోలేరు. దేవుని దయవల్ల బ్రతికి బయటపడ్డారు. ప్రకటన పదమూడవ అధ్యాయంలో ముద్ర మృగాన్ని పూజించడంతో ముడిపడి ఉంది. తెలియక చేయించుకుంటే అంటుకునేది కాదు, తెలిసి లోబడినవారు ధరించేది. 666 అన్న సంఖ్య హెబ్రీ అక్షరాలలో, క్రైస్తవులను హింసించిన రోమా చక్రవర్తి నీరో కైసరు పేరుకు సరిపోతుందని చాలామంది పండితులు చూపారు. కొన్ని ప్రాచీన ప్రతులలో అది 616గా ఉండడం కూడా ఆ పేరునే లాటిను రూపంలో రాయడం వల్లనని వారి అభిప్రాయం. తమను హింసించే సామ్రాజ్యానికి మొక్కకుండా నిలబడమని ఆసియ అనే రోమా రాష్ట్రంలోని సంఘాలకు రాసిన ధైర్యపు గ్రంథాన్ని టీకాలకూ గుర్తింపు కార్డులకూ భయపడే గ్రంథంగా మనం మార్చుకున్నాం.

ఉత్తరం చదివిన ఆ సాయంత్రం పిన్నితో ఈ సంగతులన్నీ చెప్పలేదు. థెస్సలొనీక మొదటి పత్రిక నాలుగవ అధ్యాయం పదమూడవ వచనం నుంచి ఇద్దరం బిగ్గరగా చదివాము. “ఎదుర్కొనుటకు” అన్న చోట ఆపి, చెల్లెలి పెళ్ళిలో పానకం బిందె గుర్తుందా అని అడిగాను. కళ్ళద్దాలు తీసి ఆ వచనం వైపే కొంతసేపు చూసింది. “మీ అమ్మ ఉంటే నీతో బాగా వాదించేది” అంది.

పిన్ని ఇప్పటికీ రహస్య రాకడనే నమ్ముతుంది, నేను నమ్మను. ఉత్తరాన్ని చింపలేదు గాని, చివరి వాక్యం కొట్టివేసి, దాని కింద “నీ కోసం ఎదురుచూస్తూ ఉంటాను, ఆదివారం భోజనానికి రా” అని రాసి కొడుక్కు పంపించింది. అతడు రెండు ఆదివారాలు వచ్చాడు, భోజనానికే. పునరుత్థాన పండుగ నాడు తెల్లవారక ముందే నారాయణగూడ సమాధుల తోటలో అమ్మ దగ్గర కొవ్వొత్తి వెలిగించడానికి నేనూ పిన్నీ కలిసి వెళతాము. ఆ రాయి మీద “ప్రభువునందు నిద్రించుచున్నది” అని నాన్నగారు చెక్కించారు. ఈసారి వచ్చేటప్పుడు తన బైబిలు తెచ్చి ఆ వచనాలు తానే చదువుతానని పిన్ని చెప్పింది.